సేనాని చూసినదీ, చూడనిదీ

యుద్ధాన్ని గురించి అందులో పోరాడినవాడే చెప్పిన మాటకు ఒక ప్రత్యేకమైన బలం ఉంటుంది. కళ్ళారా చూసినవాడు చెబుతున్నాడన్న నమ్మకంతో మనం దానిని చదువుతాం. అయితే చూసినవాడు అంతా చూశాడా అన్న ప్రశ్న కూడా చదువరి మనస్సులో మెదలాలి. థియోడర్ రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడు కాకమునుపు, 1899లో ప్రచురించిన ‘ది రఫ్ రైడర్స్’ అనే యుద్ధస్మృతుల గ్రంథం ఈ ప్రశ్నకు చక్కని నిదర్శనం.

ఆనాడు క్యూబా స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. స్వాతంత్ర్యం కోసం అక్కడి ప్రజలు 1895 నుండి పోరాడుతున్నారు. 1898 ఫిబ్రవరిలో హవానా రేవులో అమెరికా యుద్ధనౌక ‘మెయిన్’ పేలిపోయి 250 మందికి పైగా మరణించారు. పేలుడుకు అసలు కారణం నేటికీ వివాదాస్పదమే అయినా నింద స్పెయిన్‌పై పడింది. ఏప్రిల్‌లో యుద్ధం ఆరంభమైంది. నౌకాశాఖలో ఉన్నతాధికారిగా ఉన్న రూజ్‌వెల్ట్ పదవిని వదలి స్వచ్ఛంద ఆశ్వికదళంలో చేరాడు. నాయకత్వం తనకే లభించే అవకాశం ఉన్నా, సైనికానుభవం చాలదని గ్రహించి, మిత్రుడైన లెనార్డ్ వుడ్‌కు ఆ స్థానం దక్కేలా చేసి, తాను రెండవ స్థానంలో నిలిచాడు. తన కొరతను తానెరగడం నాయకునికి తొలి అర్హత.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఆ దళం రూపుదిద్దుకొంది. పశువుల కాపరులు, గనులలో పనిచేసినవారు, వేటగాళ్ళు, చెరొకీ, చోక్టా మొదలైన తెగల ఆదివాసులు, హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల పట్టభద్రులు అందులో చేరారు. సంపన్నుల బిడ్డలు కూడా సామాన్య సైనికులుగానే పనిచేశారు. ఓడలు చాలక, అధికారుల గుర్రాలు తప్ప తక్కినవన్నీ ఫ్లోరిడా తీరంలోనే ఉండిపోయాయి. స్వారీలో ఆరితేరినవారు కాలినడకన పోరాడవలసి వచ్చింది. కలిసి తిని, కలిసి నడిచి, కలిసి నెత్తురు చిందించిన వీరిని రూజ్‌వెల్ట్ ఆప్యాయంగా వర్ణించాడు. గ్రంథంలో మనసును హత్తుకొనే పుటలు ఇవే.

కాని ఆ ఆప్యాయత తన దళపు సరిహద్దు దాటినప్పుడు తడబడింది. 1898 జూలై 1న సాన్ హువాన్ కొండలపై జరిగిన పోరులో 9వ, 10వ ఆశ్వికదళాలకు చెందిన నల్లజాతి సైనికులు కూడా ముందుకు ఉరికారు. రూజ్‌వెల్ట్ వారి ధైర్యాన్ని మెచ్చుకొంటూనే, తెల్ల అధికారుల అండ లేనిదే వారు నిలవలేరన్న అర్థం వచ్చేలా రాశాడు. వెనుకకు వెళుతున్న కొందరిని రివాల్వర్ చూపి ఆపానన్నాడు. 10వ దళానికి చెందిన సార్జెంట్ ప్రెస్లీ హాలిడే ఆ సంవత్సరమే ఒక పత్రికాలేఖలో దీనిని ఖండించాడు. ఆ సైనికులు పారిపోలేదనీ, అధికారి ఆజ్ఞపైనే వెళ్ళారనీ, మరునాడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి తన పొరపాటును ఒప్పుకొన్నాడనీ వివరించాడు. ఆ ఒప్పుకోలు మాత్రం గ్రంథానికి ఎక్కలేదు.

ఆ కాలపు భావాలే అటువంటివని కొందరు సమర్థిస్తారు. ఈ వాదం నిలవదు. హాలిడే కూడా ఆ కాలంవాడే కదా! లోపం కాలానిది మాత్రమే కాదు. ఎవరి మాటకు విలువ ఇచ్చారన్నదే అసలు విషయం. తనతో ఒకే గుడారంలో బ్రతికినవారిని రూజ్‌వెల్ట్ మనుషులుగా ఎరిగాడు. దూరాన ఉన్నవారిని మాత్రం అంతకుముందే ఏర్పడిన అభిప్రాయంతో కొలిచాడు. ఎన్నో ఏళ్ళుగా పోరాడుతున్న క్యూబా సైనికులకు కూడా ఆయన గ్రంథంలో గౌరవం దక్కలేదు.

అంతమాత్రాన ఆ గ్రంథాన్ని పక్కన పెట్టనక్కరలేదు. దానిని హాలిడే లేఖతో కలిపి చదవాలి. భిన్నవర్గాల వారిని ఒక వరుసలో నిలబెట్టడంతోనే ఐక్యత సిద్ధించదు. విజయగాథను రాసే వేళ ప్రతి ఒక్కరి మాటకూ చోటు దొరకాలి. సేనాని గ్రంథం లక్షలమందికి చేరవచ్చు. సార్జెంటు లేఖ ఏ పాత పత్రికలోనో మరుగున పడి ఉండవచ్చు. ఆ లేఖను వెదికి చదివినవాడే చరిత్రకు నిజమైన విద్యార్థి.