రెండో పాట

నిజం చెప్పొద్దూ, ఆడపిల్ల మొదటిసారి పాడితే మెచ్చుకోని ఇల్లు మన విజయనగరంలో లేదు. చప్పట్లు, ఫొటోలు, దిష్టి తీయడాలు! ఆ పిల్ల రెండోసారి పాడతానన్నప్పుడే మన అసలు రంగు బయటపడుతుంది.

మొన్న పక్కింటి వదినగారు రుసరుసలాడుతూ వచ్చారు. వాళ్ళమ్మాయికి పదహారేళ్ళు. కిందటేడు దసరాల్లో వీధి పందిట్లో ఆ పిల్ల ఓ పాట పాడితే, ఈవిడే వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఫోనులో చూపించి మురిసిపోయారు. ఈ ఏడు పిల్ల ఎవర్నీ అడక్కుండా పేరిచ్చేసి వచ్చిందిట. పాటా తనే ఎంచుకుందిట. "ఒకసారంటే సరదా. మళ్ళీ మళ్ళీ ఏటమ్మా? గుంట చేయి దాటిపోతోంది!" అని వదినగారి బాధ.

నాకు నాజియా హసన్ గుర్తొచ్చింది. ఆవిణ్ణి తల్చుకుంటే మా పిన్ని గుర్తొస్తుంది.

శ్రీకాకుళంలో తాతగారింట్లో, ఎనభైల చివర, టేప్ రికార్డరు మీద క్రోషా గుడ్డ, పక్కన నాజియా కేసెట్లు రెండు ఉండేవి. "డిస్కో దీవానే" తాతగారే కొనిపెట్టారు. పిల్ల ముచ్చటపడిందని. రెండోది, "స్టార్" కేసెట్, పిన్ని ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొనుక్కుంది. ఇంట్లో రభస ఆ రెండోదాని మీదే జరిగిందని అమ్మ చెప్పేది. రెండింట్లోనూ గొంతు ఒకటే, మోత ఒకటే. తేడా అల్లా, రెండోది పిన్ని తనకి తానుగా కోరుకుంది.

నాజియా కథా అంతే మరి. కరాచీలో పుట్టి లండన్‌లో చదువుకుంటున్న పిల్ల. జీనత్ అమాన్ ద్వారా ఫిరోజ్ ఖాన్ దృష్టిలో పడి, పదిహేనేళ్ళకే 1980లో "ఖుర్బానీ" సినిమాకి పాడింది. బెంగుళూరులో పుట్టి లండన్ చేరిన బిద్దూ ఆ పాటకి బాణీ కట్టాడు. ఫిల్మ్‌ఫేర్ బహుమతీ వచ్చింది. 1981లో తమ్ముడు జోహెబ్‌తో కలిసి "డిస్కో దీవానే" తెస్తే సరిహద్దుకి ఇటూ అటూ కుర్రకారు ఊగిపోయారు. అంతవరకూ అందరూ "అదృష్టవంతురాలు" అన్నారు. మరుసటేడే, 1982లో, రెండో ఆల్బం. ఇక్కడ "స్టార్" సినిమా పాటలుగా వచ్చింది, పాకిస్తాన్‌లో "బూమ్ బూమ్" పేరుతో. కుమార్ గౌరవ్ హీరో. సినిమా నడవలేదు, పాటలు మాత్రం నడిచాయి.

రెండోది మొదటిదానంత గొప్పగా లేదంటారా? నేనూ కాదనను. కొన్నిట్లో సింథసైజరు మోతే గాని పాట తక్కువ. అయితే ఏం? కొడుకు ఎంట్రన్సు తప్పితే రెండోసారికీ మూడోసారికీ గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టే తల్లులం, కూతురి రెండో పాటలో అపస్వరాలు లెక్కపెడుతూ కూచుంటామా?

చదువు పాడవుతుందంటారు. నాజియా 1992 వరకూ మొత్తం అయిదు ఆల్బంలు చేసింది, లండన్‌లో లా చదివింది, ఐక్యరాజ్యసమితిలో పని కూడా చేసింది. 2000 ఆగస్టు 13న కేన్సర్‌తో పోయింది, ముప్ఫై అయిదేళ్ళకే. దానికీ పాటలే కారణమనే మహానుభావులు మన వీధిలో లేకపోరు లెండి.

ఇక పెద్ద మాట ఒకటుంది. "సంగీతానికి పుట్టినిల్లు మనది, ఇక్కడ ఈ డిస్కోలేమిటి?" అని. 1919లో పెట్టిన సంగీత కళాశాల మనది, నిజమే. దాని మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి సభ నడుమ ఆడుతూ పాడుతూ హరికథ చెప్పిన మనిషి. ఆయనతో "ఒకసారి ఆడారు, ఇక చాలు బాబూ" అన్నవాళ్ళెవరైనా ఉన్నారా? అంతెందుకు, పి. సుశీలగారు 1935లో ఈ ఊళ్ళోనే పుట్టారు. 2016లో గిన్నిస్‌వాళ్ళు లెక్కకట్టిన ఆవిడ పాటలు 17,695. వాళ్ళింట్లోనూ మన వదినగారిలాంటివారొకరు ఉండి "ఒకటి పాడావు చాల్లేవే" అని ఉంటే, మిగిలిన 17,694 ఏమయ్యేవి?

అసలు మనకి శాస్త్రీయం మీద మాత్రం అంత ప్రేముందా? పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుంది" అని గొప్పగా కూచోబెట్టి కీర్తన పాడించేదీ మనమే, పెళ్ళయ్యాక "ఇప్పుడెందుకమ్మా ఆ రాగాలు?" అనేదీ మనమే. ఎన్ని హార్మోనియంలు అటకలెక్కాయో మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి. మా పిన్ని కేసెట్లు కూడా అటకెక్కాయి. పెళ్ళయి వెళ్తూ పెట్టెలో పెట్టుకోబోతే, "అత్తారింట్లో నవ్వుతారే" అని బామ్మ తీయించేసింది. బామ్మని అనలేను. ఆవిడ పాడుతుందన్న సంగతి మా తాతగారికే తెలీదు మరి.

ఇదంతా వదినగారికి ఏకబిగిన చెప్పేశాను. కాఫీ చల్లారిపోయింది. ఆవిడ కాసేపు ఊరుకుని, "పోనీ, పాడితే పాడింది. ఏదైనా మంచి పాట మీరే చూసి చెప్పండి" అన్నారు.

పాట పిల్ల ఎప్పుడో ఎంచుకుంది. గోడవతల వారం రోజుల్నించీ వినిపిస్తూనే ఉంది, రెండో చరణంలో శ్రుతి కొంచెం తప్పుతోంది.