స్టీరియో పారెయ్యమనే పెద్దలకు

ట్రక్కు అంటే మన లారీ కాదని ముందే మనవి చేసుకుంటాను. అమెరికాలో ట్రక్కు అంటే ముందు నలుగురైదుగురు కూర్చునే గది, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉన్న పికప్ బండి. అటువంటిది నాకొకటి ఉంది, 2013 మోడలు. ఏ కంపెనీదో చెప్పను, ఈ విషయంలో అందరిదీ ఒకటే తంతు. అందులో పాటలు వినిపించే ఏర్పాటు గురించి నాకూ నా మిత్రులకూ చాలాకాలంగా వాదం నడుస్తోంది. ఇంతవరకూ అది భోజనాల బల్ల దగ్గరే జరిగింది కాబట్టి గొంతు పెద్దదైనవాడే గెలుస్తూ వచ్చాడు. కాగితం మీద ఆ సౌకర్యం ఎవరికీ ఉండదు కనుక నా పక్షం వ్రాసి పెడుతున్నాను.

పూర్వపక్షాన్ని న్యాయంగానే చెబుతాను. "బండితోపాటు వచ్చిన స్టీరియో ఉత్త డొల్ల. దానికి బలం లేదు. దాన్ని ఉంచుకుని స్పీకర్లు మాత్రం మారిస్తే డబ్బు దండగ, పైగా బలం చాలక కొత్త స్పీకర్లు కాలిపోతాయి. ముందు స్టీరియో పారెయ్యి, తరువాత మిగతాది చూద్దాం." ఇదీ వారి మాట. బిగించే దుకాణంలో కుర్రవాడిదీ అక్షరాలా ఇదే మాట. అతగాడి జీతం స్టీరియోలు అమ్మితేనే వస్తుంది కనుక అతణ్ణి తప్పు పట్టను. మా మిత్రులకు అటువంటి సాకు కూడా లేదు.

అసలు ఈ గొడవలోకి నేను దిగడానికి కారణం మా అమ్మాయి. వారానికి రెండుసార్లు దాన్ని సంగీతం పాఠానికి తీసుకువెళ్తాను. పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. దారిపొడుగునా పోతన పద్యాలు వింటుంది. కొన్ని వచ్చేశాయి కూడా. ఒకనాడు హఠాత్తుగా, "నాన్నా, ఆయన శకలం అన్నాడా, సకలం అన్నాడా?" అని అడిగింది. శకలమంటే ముక్క, సకలమంటే సమస్తం. పరమాత్మ విషయంలో ఈ రెంటికీ ఉన్న తేడా చిన్నది కాదు. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. నాకూ తెలియలేదు. ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే, ఏ సందేహమూ లేదు, సకలమే. నేనే పలికి చూపిద్దామంటే నా శకారమూ సకారమూ చిన్నప్పుడు మా వీధిలోనే ఏకమైపోయాయి. అందుకే కదా పాడేవారి మీద ఆధారపడ్డది! అదే బండి, అదే స్టీరియో, అదే పాట. మరి అక్షరం ఎక్కడ పోయింది?

తలుపు విప్పితే తెలిసింది. లోపల ఉన్నది పలుచని కాగితపు కోను, ప్లాస్టిక్ చట్రం, బొటనవేలంత అయస్కాంతం. ట్వీటరు లేదు. అది బిగించి ఉన్నది తలుపు అడుగున, నా పిక్కకు ఎదురుగా. ఇక్కడ కాస్త లెక్క అవసరం. సకారంలోని బుసబుస ధ్వని శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జులకు పైన ఉంటుంది. శకారానిది అంతకంటె కిందనే, 2,500 ప్రాంతంలో మొదలవుతుంది. ఈ రెంటినీ చెవి విడదీయాలంటే ఆ పై భాగమంతా చెవి దాకా రావాలి. 5,000 హెర్ట్జుల ధ్వని తరంగం పొడవు 7 సెంటీమీటర్ల లోపే. దాన్ని 15 సెంటీమీటర్ల వెడల్పున్న కోనుతో పలికిస్తే అది టార్చిలైటు వెలుగులాగా నేరుగా ఎదురుగా పోతుందే తప్ప పక్కలకు విచ్చుకోదు. అంటే పోతన పద్యంలోని సకారాలన్నీ ఇన్నాళ్ళూ నా మోకాలి చిప్ప విన్నది. ఈ దోషం స్పీకరుది, స్పీకరు ఉన్న చోటుది. డాష్‌బోర్డులో పదివేల డాలర్ల స్టీరియో పెట్టినా ఇది పోదు.

ఇక బలం సంగతి. కొత్త స్టీరియో పెట్టె మీద "50 వాట్లు × 4" అని ఘనంగా అచ్చు వేసి ఉంటుంది. ఆ 50 ఎక్కడ పుట్టిందో ఎవరైనా విచారించారా? ఇంజను నడుస్తున్నప్పుడు బండి విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓములు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగించండి. దాదాపు 52 వస్తుంది. అదీ దాని జన్మరహస్యం. కాని ఆ 52 వాట్లు వచ్చేది తల తెగి చతురస్రంగా మారిన తరంగానికి. దాన్ని సంగీతం అనరు, రంపపుకోత అంటారు. శుద్ధమైన స్వరానికి అందులో సగం, 26. చిప్పులో నష్టాలు పోగా చేతికి మిగిలేది 18 నుంచి 22. లోపల వోల్టులను పెంచే ప్రత్యేక పరికరం ఉంటే తప్ప, కంపెనీ స్టీరియో తాగేదీ కొత్త స్టీరియో తాగేదీ ఒకే బావి నీళ్ళు. బండితో వచ్చినది పాపం తన బలం గురించి గోడలకెక్కి చాటదు కనుక బలహీనమైనదని పేరు పడింది.

ఆ 18 వాట్లు చాలవా? ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరాన ఎంత మోగుతుందో స్పీకరు కాగితంలో డెసిబెళ్ళలో వ్రాసి ఉంటుంది. దాన్ని సెన్సిటివిటీ అంటారు. పెట్టె మీది వాట్లకంటె ముందు చూడవలసింది ఇదే. ఇక్కడ 3 డెసిబెళ్ళు ఎక్కువ ఉన్న స్పీకరు కొంటే యాంప్లిఫయరు బలాన్ని రెట్టింపు చేసినట్లే. 92 ఉన్నదానికి 18 వాట్లు ఇస్తే 104 దాటుతుంది. అమెరికా ప్రభుత్వపు వృత్తిరక్షణ పరిశోధన సంస్థ 85 డెసిబెళ్ళ రొదలో ఎనిమిది గంటలు మించి ఉండవద్దంటుంది. 100 డెసిబెళ్ళైతే పదిహేను నిమిషాలు. అంతకుమించి కావాలనేవారికి స్టీరియోతో కాదు, చెవుల డాక్టరుతో పని. ఒక తిరకాసు మాత్రం దాచను. కంపెనీవారి కాగితపు కోను తేలిక కనుక తక్కువ బలానికే బాగా మోగుతుంది. ఖరీదుకు మోసపోయి 85, 86 ఉన్న బరువైన స్పీకర్లు తెచ్చి పెడితే పాతవాటికంటె చిన్నగా వినిపిస్తాయి. "చెప్పానా, స్టీరియోకు బలం లేదని!" అంటూ మిత్రులు సిద్ధంగా ఉంటారు. వారి వాదానికి సాక్ష్యాలన్నీ ఇలా పుట్టినవే.

తక్కువ బలంతో స్పీకరు కాలిపోతుందన్నది మరొక పుక్కిటి పురాణం. తక్కువ తిని అజీర్తి చేసినవాడు లేడు. స్టీరియోను దాని శక్తికి మించి తిప్పి, తరంగం తల తెగేదాకా గంటల తరబడి మోగిస్తే ట్వీటరు వేడెక్కి పోవచ్చు. గొంతు బొంగురు పోతోందని వినబడుతూనే ఉంటుంది, అప్పుడు తగ్గించుకోవాలి. మనిషన్నాక ఆ మాత్రం చెవి ఉండదా?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. స్టీరియో పారెయ్యమన్న సలహా ఒకప్పుడు సత్యమే. 1980లు, 90లలో స్టీరియో అంటే ఒక పెట్టె. జర్మనీ ప్రమాణం పేరుమీద డిన్ అనే కొలత వచ్చింది, సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఆ కంతలోంచి క్యాసెట్టు పెట్టె లాగి సీడీ పెట్టె తోస్తే పని అయిపోయేది. బండికి ఏమీ తెలిసేది కాదు. ఈనాటి ట్రక్కుల్లో చాలావాటికి ఆ తెరే ముఖం. చలువగాలి, తలుపుల తాళాల అమరికలు, స్టీరింగు మీది మీటలు, హెచ్చరిక గంటలు, వెనుక కెమెరా, అన్నీ దాని గుండానే మాట్లాడతాయి. ముప్ఫై ఏళ్ళనాటి సలహాను ఇంకా వల్లిస్తున్నవారు బండి మారిన సంగతి గమనించలేదు.

నా మిత్రుడు ఒకాయనది 2019 ట్రక్కు. సలహా విని తెర మార్పించాడు. మొదటి రోజున స్టీరింగు మీటలు పనిచేయలేదు. వెనక్కి తీస్తే కెమెరా బదులు నల్లని తెర. ఇంకొక జోడింపు పెట్టె తెప్పించాలి, పదిహేను రోజులు పడుతుంది అన్నారు. ఆ పదిహేను రోజుల్లో పొరుగువారి పోస్టుపెట్టె ఒకటి నేలకొరిగింది. అందరమూ నవ్వుకున్నాము. నేనూ నవ్వాను. తరువాత నవ్వినందుకు సిగ్గు వేసింది.

ఎందుకంటే, 2002లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక తండ్రి తన ఇంటి ముందు బండి వెనక్కి తీస్తూ, వెనుక ఉన్న రెండేళ్ళ కొడుకును చూడలేకపోయాడు. పిల్లవాడు పోయాడు. 2008లో సంతకమైన చట్టానికి ఆ పిల్లవాడి పేరే, కామెరాన్ గల్‌బ్రాన్సెన్ అని, పెట్టారు. ఆ చట్టం ఫలితంగానే 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే 10,000 పౌండ్ల లోపు కొత్త బళ్ళన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. చట్టం రావడానికి ఆరేళ్ళు, అమలు కావడానికి ఇంకొక పదేళ్ళు. ట్రక్కు తొట్టి వెనుక ఏముందో అద్దంలో కనబడదని నడిపేవారందరికీ తెలుసు. పాట కాస్త గట్టిగా వినడం కోసం ఆ కంటికి పదిహేను రోజులు గంతలు కట్టవచ్చునని ఏ పెద్దమనిషి వాదిస్తాడో ముందుకు రమ్మనండి.

అవతలి పక్షంలో నిజం లేకపోలేదు. ఈమధ్యకాలపు కంపెనీ స్టీరియోలు కొన్ని, శబ్దం పెంచినకొద్దీ మంద్రాన్ని తమంత తామే కత్తిరిస్తాయి, తమ చవక స్పీకర్లు చిరగకుండా. ఎంత మంచి స్పీకరు పెట్టినా ఆ కత్తెర ఆగదు. ఖరీదైన ట్రక్కుల్లో వేరే యాంప్లిఫయరూ, 4 ఓములకంటె తక్కువ నిరోధం గల స్పీకర్లూ ఉంటాయి, అక్కడ ఓములు చూసుకోకుండా మార్చరాదు. దీనికీ స్టీరియో పీకనక్కరలేదు. స్పీకరు తీగలనుంచే సంకేతం తీసుకునే చిన్న యాంప్లిఫయర్లు ఉన్నాయి. కత్తిరించిన మంద్రాన్ని తిరిగి సరిదిద్దే ప్రాసెసర్లూ ఉన్నాయి. సీటు వెనుక దాక్కుంటాయి. బ్యాటరీనుంచి తీగ లాగేటప్పుడు బ్యాటరీకి జానెడు మూరెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, అంతే.

నేను చేసింది ఇంకా తక్కువ. ముందు తలుపులకు 6×9 అంగుళాల కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు, వాటికి జంటగా వేరే ట్వీటర్లు. (2005 తరువాతి టకోమాలో ముందు 6×9, వెనుక 6.5. ఫోర్డు బళ్ళలో దశాబ్దాలపాటు 6×8. కొనేముందు కొలత చూసుకోవాలి.) ట్వీటర్లను పక్క అద్దాల మూల త్రికోణాల్లో, చెవి ఎత్తుకు దగ్గరగా అమర్చాను. తీగలు కోయలేదు, పాత కనెక్టరులో పట్టే అడాప్టరు దొరుకుతుంది. తలుపు లోహంలోని పెద్ద కంతలను అల్యూమినియం రేకు అంటిన జిగురు పట్టీలతో మూశాను. కోను వెనుకనుంచి వచ్చే ధ్వని ముందుదానికి సరిగ్గా విరుద్ధం, కంతల్లోంచి వచ్చి కలిస్తే మంద్రం రెండువైపులా చచ్చిపోతుంది. నా మటుకు సగం లాభం ఈ పట్టీలవల్లనే కలిగింది. అయితే పక్కనుంచి బండి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగుకు కబురు చెప్పే ఒత్తిడి సెన్సరు కొన్ని బళ్ళ తలుపుల్లో ఉంటుంది. అటువంటి బండిలో లోపలి పొరలనూ కంతలనూ కంపెనీ ఉంచినట్లే ఉంచాలి. నా తలుపుల్లో లేదని చూసుకున్నాకే చేయి పెట్టాను.

అంతా బిగించి పాట పెడితే గాయకుడు ఎక్కడా లేడు! గొంతు బండి నిండా పరుచుకుంది, మృదంగం చప్పగా ఉంది. ఒక గంట మిత్రులే నెగ్గారనుకున్నాను. అప్పుడు 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకుని తీగలకు తాకించి చూస్తే ఎడమ కోను ముందుకు దూకింది, కుడిది వెనక్కి పోయింది. ధన ఋణాలు తారుమారు చేసినవాణ్ణి నేనే. మార్చగానే ఆయన వచ్చి డాష్‌బోర్డు మధ్యలో కూర్చున్నాడు. మా అమ్మాయిని పిలిచి, ఏమీ చెప్పకుండా అదే పద్యం పెట్టాను. "సకలం," అంది. "ముందు కూడా ఇదే పాడాడా?" అని అడిగింది.

పోస్టుపెట్టె మిత్రుడు పాత స్టీరియోను అట్టపెట్టెలో దాచాడట. జోడింపు పెట్టె వచ్చాక కెమెరా వచ్చింది కాని, చలువగాలి మీటలు ఇంకా మొరాయిస్తున్నాయి. ఈ శనివారం పొద్దున్నే ట్రక్కును మా గరాజుకు తెస్తున్నాడు. దుకాణంవారు తీగలు ఎన్ని కోశారో డాష్‌బోర్డు విప్పితే గాని తెలియదు. అడాప్టర్లు రెండు జతలు తెప్పించి ఉంచాను.