చప్పట్లు కొడదాం... కళ్లు మూసుకుని కాదు!

మనవాళ్లు గెలిస్తే ఎవరికి సంతోషం ఉండదు చెప్పండి? మన కాలేజీ కబడ్డీ జట్టు గెలిచినా, మన దేశం క్రికెట్‌లో కప్పు తెచ్చినా గుండె ఉప్పొంగుతుంది. పొద్దస్తమానం వంటా, ఉద్యోగం, పిల్లల హోంవర్కూ మధ్య నలిగిపోయే ఆడవాళ్లకయితే ఓ రెండు గంటలు గొంతెత్తి అరిచే అవకాశం దొరకడమే ఒక పండగ. కాబట్టి అభిమానుల సంబరాల మీద నాకే కోపమూ లేదు. నా ప్రశ్నల్లా ఒక్కటే. మనం ఎవరికి చప్పట్లు కొడుతున్నామో, ఆ మోతలో ఎవరి గొంతు మునిగిపోతోందో ఒక్క క్షణం ఆలోచించొద్దా?

ఈ మాట ఊరికే అనడం లేదు. 2019 అక్టోబర్‌లో నేను అమెరికాలోని హ్యూస్టన్‌లో మా చెల్లెలింట్లో ఉన్నాను. అక్కడ బేస్‌బాల్‌కి అక్టోబర్ నెల మన సంక్రాంతి లాంటిది. ఏడాది పొడవునా ఆడిన ఆటల్లో ముందున్న జట్లు ఆ నెలలో ఒకదానితో ఒకటి తలపడతాయి. వాటినే ప్లేఆఫ్స్ అంటారు. చివరి అంచెల్లో ఏడు ఆటలు పెట్టుకుని, ముందుగా నాలుగు గెలిచిన జట్టుదే సిరీస్. ఆ ఊరి జట్టు పేరు ఆస్ట్రోస్. వాళ్ల రంగు నారింజ. ఆ నెలలో ఎక్కడ చూసినా అదే రంగు. కూరగాయల కొట్లో పనిచేసే అమ్మాయిల దగ్గర్నుంచి మన తెలుగువాళ్ల పిల్లల దాకా అందరి ఒంటి మీదా నారింజ చొక్కాలే. మా చెల్లెలి కూతురయితే స్కూలు నుంచి రాగానే టీవీ ముందు కూర్చునేది.

అక్టోబర్ 19 రాత్రి ఆస్ట్రోస్‌కీ, న్యూయార్క్ యాంకీస్‌కీ ఆరో ఆట. చివరిదయిన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేటప్పటికి ఆస్ట్రోస్ 4-2తో ముందున్నారు. ఆటను ముగించడానికి వాళ్ల పిచ్చర్ రాబర్టో ఒసూనా వచ్చాడు. మన క్రికెట్‌లో చివరి ఓవర్లు నమ్మకంగా వేసే బౌలర్ ఉంటాడు చూడండి, అలాంటివాడన్న మాట. అతని బంతిని యాంకీస్ ఆటగాడు హోమ్ రన్ కొట్టి 4-4 చేశాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత యాంకీస్ తరఫున ఆట ముగించడానికి అరోల్డిస్ చాప్మన్ వచ్చాడు. హోసే అల్టూవే అనే పొట్టి ఆటగాడు అతని బంతిని గోడ అవతలికి పంపాడు. 6-4. సిరీస్ హ్యూస్టన్‌ది! ఇక చూడాలి, స్టేడియంలో జనం ఒకరినొకరు కావిలించుకున్నారు. మా చెల్లెలి వీధిలో కార్ల హారన్లు అర్ధరాత్రి దాకా మోగాయి. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా చేతులు ఊపుకుంటూ వెళ్లారు. చూడముచ్చటగానే ఉంది.

ఆ సంబరం వీధుల్లో జరుగుతుండగానే ఆటగాళ్ల గదిలో ఇంకో సంబరం జరిగింది. గెలిచిన జట్టు అక్కడ షాంపేన్ చిమ్ముకుంటుంది, విలేకరులు వచ్చి మాట్లాడిస్తారు. ఆ గదిలో జట్టు అసిస్టెంట్ జనరల్ మేనేజర్ బ్రాండన్ టాబ్‌మన్, అక్కడ నిలబడి ఉన్న ముగ్గురు మహిళా విలేకరుల వైపు తిరిగి, ఒసూనాని తెచ్చుకున్నందుకు దేవుడికి దండం పెట్టుకోవాలన్న అర్థం వచ్చేట్టు, బూతుమాట కలిపి, ఒకసారి కాదు పదే పదే అరిచాడు. ఆ ముగ్గురిలో ఒకామె చేతికి ఊదారంగు బ్యాండ్ ఉంది. అది గృహహింసకు వ్యతిరేకంగా పెట్టుకునే గుర్తు. అమెరికాలో అక్టోబరే గృహహింస గురించి చైతన్యం కలిగించే నెల కూడా!

ఆ రాత్రి చూస్తే ఒసూనా ఆటను కాపాడింది లేదు, చేజార్చబోయాడు. మరి అతన్నే ఎందుకు మెచ్చుకోవాలి? అదీ ఆడవాళ్ల మొహాన అరిచి మరీ?

అక్కడే ఉంది అసలు సంగతి. 2018 మే నెలలో టొరంటోలో ఒసూనాని పోలీసులు అరెస్టు చేశారు. తన బిడ్డకు తల్లి అయిన స్త్రీ మీద చెయ్యి చేసుకున్నాడన్నది ఆరోపణ. బేస్‌బాల్ పెద్దలు విచారించి 75 ఆటలు సస్పెండ్ చేశారు. ఆ సస్పెన్షన్ ఇంకా ముగియకుండానే, జూలై ఆఖరులో ఆస్ట్రోస్ అతన్ని తమ జట్టులోకి తెచ్చుకున్నారు. ఆమె మెక్సికో వెళ్లిపోయింది, సాక్ష్యం చెప్పడానికి తిరిగి రాలేదు. ఏడాదిపాటు ఆమె జోలికి పోనని, కౌన్సెలింగ్‌కు వెళతానని అతను ఒప్పుకున్న మీదట సెప్టెంబర్‌లో కేసు ఉపసంహరించుకున్నారు. కోర్టులో నేరం రుజువు కాలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఇంకో విచిత్రం చూడండి. అవతలి జట్టు తరఫున ఆఖర్న బంతి వేసిన చాప్మన్ కూడా అలాంటి కారణం మీదే 2016లో 30 ఆటలు సస్పెండ్ అయినవాడు. అతని మీదా కేసు నడవలేదు. 2015లో బేస్‌బాల్ వాళ్లు గృహహింస మీద ఒక నియమావళి పెట్టుకున్నాక, దాని కింద మొట్టమొదట శిక్ష పడింది అతనికే. అంటే ఆ రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఏ జట్టు గెలిచినా, మనం చప్పట్లు కొట్టేవాళ్లలో అలాంటి ఒకడు ఉండే తీరతాడు!

టాబ్‌మన్ చేసిన పని గురించి ఒక విలేకరి పత్రికలో రాస్తే, జట్టు ఏమన్నదో తెలుసా? అది తప్పుదోవ పట్టించే రాత అనీ, బాధ్యతారాహిత్యమనీ ఆమె మీదే విరుచుకుపడింది. మిగతా విలేకరులు మేమూ విన్నామని చెప్పాక గానీ దిగిరాలేదు. అక్టోబర్ 24న అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. మొదట ‘అబద్ధం’, తర్వాత ‘అపార్థం’, ఆఖరికి ‘క్షమాపణ’. ఈ వరస మన ఆడవాళ్లకి కొత్తా? ఏ ఇంట్లో పంచాయితీ జరిగినా ఇదే కదా వరస!

ఆ గదిలోకి ఆడవాళ్లు అడుగు పెట్టడానికే ఎంత పోరాటం జరిగిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1977 వరల్డ్ సిరీస్ అప్పుడు మెలిస్సా లడ్కీ అనే విలేకరిని ఆడదన్న ఒక్క కారణంతో ఆటగాళ్ల గదిలోకి రానివ్వలేదు. ఆమె పనిచేసే పత్రిక కోర్టుకెక్కింది. 1978లో న్యాయమూర్తి కాన్‌స్టాన్స్ బేకర్ మోట్లీ, ఆమె కూడా స్త్రీయే, మగ విలేకరులతో సమానంగా ఆడవాళ్లకూ అవకాశం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పారు. తలుపు తెరుచుకుని 40 ఏళ్లు దాటినా, లోపల ఎదురయ్యే మర్యాద ఇదీ!

ఈ సంగతులు టీవీలో వస్తున్నప్పుడు మా మరిది అన్నాడు, “ఆట చూడండి వదినా, ఆటగాడి ఇంట్లో ఏం జరిగిందో మనకెందుకు? శిక్ష కూడా అనుభవించాడుగా” అని. ఆ మాట కొట్టి పారేయదగ్గది కాదు. శిక్ష పూర్తయినవాడు జీవితాంతం పస్తుండాలని నేనూ అనను. అతనికి బతుకుదెరువు ఉండాలి, మారే అవకాశమూ ఉండాలి. కానీ పని ఇవ్వడం వేరు, ఊరేగించడం వేరు. ‘నీ తప్పు నాకు తెలుసు, నువ్వు మారావని చూపించు’ అనడం వేరు, ‘నువ్వు గెలిపిస్తావు గనక నీ తప్పు నాకు లెక్కలేదు’ అనడం వేరు. మొదటిది మన్నింపు. రెండోది బేరం.

ఆ బేరం మన ఇళ్లల్లో ఎంత పాతదో మీకు తెలియంది కాదు. ‘పాలిచ్చే ఆవు తన్నినా భరించాలి’ అన్న సామెత మనదే. “అబ్బాయి బంగారమమ్మా, లక్షల్లో సంపాదిస్తాడు, తాగితేనే కాస్త చెయ్యి చేసుకుంటాడు” అని పుట్టింటివాళ్లే సర్ది చెప్పి పంపిన కూతుళ్లు ఎందరు లేరు? సంపాదించే మొగుడికి ఇల్లు చేసే సర్దుబాటే, గెలిపించే ఆటగాడికి జట్టు చేస్తోంది. చప్పట్లు కొట్టి మనం దానికి వంత పాడుతున్నాం. తేడా అల్లా అక్కడ కెమెరాలుంటాయి, ఇక్కడ ఉండవు.

2019-21లో దేశమంతటా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లని ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, ఇలా ఏడు కారణాల్లో దేనికయినా భర్త భార్యను కొట్టడం సబబేనా అని. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ నూటికి 80 మందికి పైగా స్త్రీలు కనీసం ఒక్క కారణానికయినా ‘సబబే’ అన్నారు. చదివి నాకు నోట మాట రాలేదు. అన్నది మగవాళ్లు కాదండీ, మనమే! దెబ్బ తిన్న ఆడది నోరు విప్పితే వినడానికి పక్కింటి ఆడదే సిద్ధంగా లేకపోతే, ఎక్కడో హ్యూస్టన్ స్టేడియంలో వింటారని ఆశించడం అత్యాశే.

మరి అభిమానం చంపుకోవాలా? అక్కర్లేదు. ఇక్కడే షికాగో అభిమాని ఒకామె చేసిన పని చెప్పాలి. 2016లో ఇదే చాప్మన్ షికాగో కబ్స్ జట్టుకు వచ్చాడు. ఆ జట్టు 108 ఏళ్లుగా వరల్డ్ సిరీస్ గెలవలేదు. ఆ ఏడు గెలిచే సూచనలున్నాయి. ఆమెకు జట్టంటే ప్రాణం, చాప్మన్ గతం అంటే గుండెల్లో ముల్లు. ఏం చేసిందనుకున్నారు? అతను కబ్స్ గెలుపును నిలబెట్టిన ప్రతి ఆటకూ 10 డాలర్లు గృహహింస బాధితులకు సాయపడే సంస్థకు ఇస్తానని ప్రకటించింది. చూసి ఎందరో అభిమానులు తామూ కలిశారు. ఆ ఏడు కబ్స్ గెలిచారు కూడా. ఆమె ఆట మానలేదు, అరుపులు మానలేదు. కానీ సంతోషం పక్కనే లెక్క కూడా రాసుకుంది. అభిమానం అంటే అదీ!

హ్యూస్టన్‌లోనూ అలాంటి ప్రయత్నం జరిగింది. 2018లో ఒసూనా ఆడుతుంటే ఒక ప్రేక్షకుడు గృహహింస సహాయ కేంద్రం ఫోన్ నంబరు రాసిన అట్ట పట్టుకున్నాడు. స్టేడియం సిబ్బంది దాన్ని లాగేసుకున్నారు. తిట్టు కాదు, నినాదం కాదు, ఒక్క ఫోన్ నంబరు! అది చూసి ఎవరికి భయమేసిందో నాకయితే ఇప్పటికీ అర్థం కాదు.

మనమూ చేయగలిగినవి చాలానే ఉన్నాయి. మన పిల్లలు క్రికెటర్ల బొమ్మలో, సినిమా హీరోల బొమ్మలో గోడకు అంటించుకుంటారు. అంటించుకోనివ్వండి. కానీ ఆ బొమ్మలోని మనిషి మీద ఇలాంటి వార్త వచ్చినప్పుడు టీవీ చానల్ మార్చేయకండి. అబ్బాయిని కూర్చోబెట్టి, “అతని ఆట నాకూ ఇష్టమేరా, కానీ ఆ పని మాత్రం తప్పు” అని ఒక్క మాట చెప్పండి. ఆ రెండు ముక్కలూ ఒకే నోటితో చెప్పొచ్చని వాడికి తెలియాలి. అమ్మాయి వినేట్టు చెప్పండి. రేపు తన మీద చెయ్యి పడితే, కొట్టినవాడు ఎంత గొప్పవాడయినా అమ్మ తనవైపే ఉంటుందని ఆ పిల్లకి ధైర్యం వస్తుంది. ‘ఆ అమ్మాయేం చేసిందో’ అన్న మాట మన నోట రాకుండా చూసుకుందాం. సస్పెన్షన్లూ, తీర్పులూ చేయలేని పని ఇంట్లో ఈ చిన్న మాట చేస్తుంది.

మనకు 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దెబ్బలు తింటూ ఇల్లు వదిలిపోనక్కర్లేదు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇస్తుందది. 181 నంబరుకు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. ఆ అంకెలు ఏ కొట్టు క్యాలెండర్ మీదో, బియ్యం డబ్బా మూత మీదో రాసి పెట్టుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, రాకూడదు కూడా. మీ ఇంటికి పనికొచ్చే అమ్మాయికి రావచ్చు, పై వాటాలో ఉండే కొత్త కోడలికి రావచ్చు.

గెలిచినప్పుడు గంతులేద్దాం, హారన్లు మోగిద్దాం, మిఠాయిలు పంచుదాం. కానీ ఏ గెలుపూ ఒక ఆడదాని వీపు మీద దెబ్బను మాపదు. కాదంటారా?