ఫ్యూజ్ ఎవరికి కాపలా?

దోమలగూడ, అశోక్ నగర్ సందుల్లో మిగిలిన పాత డాబాల్లో మీటరు పక్కన తెల్లటి పింగాణీ ఫ్యూజులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అవి మాటిమాటికీ పోతున్నాయని విసుక్కుని, ఏ పాత వైరులోంచో రెండు రాగి పోగులు లాగి చుట్టేస్తారు మన ఇళ్ళలో మగవాళ్ళు. ఇక పోదని సంబరం! పోదు సరే, ఈసారి కాలేది గోడలోని వైరు.

ఫ్యూజ్ ఉన్నది మిక్సీనీ, ఫ్రిజ్‌నీ కాపాడటానికని అనుకుంటాం కదూ? నిజానికి అది కాపలా కాసేది వైరుకి. వైరు తట్టుకోలేనంత కరెంటు పారితే తను ముందు కరిగిపోతుంది. కాబట్టి ఫ్యూజ్ సైజు వైరు మందాన్ని బట్టి ఉండాలి, మన అవసరాన్ని బట్టి కాదు.

లెక్క సులువే. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్న వైరుకి దాన్ని తగిలిస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఇన్వర్టరు దగ్గర సంగతి ఇంకా గట్టిది. 600 వాట్లకు ఇంటి కరెంటులో 3 ఆంపియర్లు కూడా అక్కర్లేదు. అవే 600 వాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే 50 ఆంపియర్లు! బ్యాటరీ వైర్లు అంత లావుగా ఉండేది అందుకే. వ్యాన్‌లో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని పిల్లాపాపలతో యాత్రలకు వెళ్ళేవాళ్ళకీ ఇదే లెక్క. పైగా బండి కుదుపులకి వైరు రేకుకి రాసుకుని పైతొడుగు ఊడిపోతుంది. మామూలుగా బండి బాడీకే మైనస్ కలిపి ఉంటుంది గనుక అక్కడికక్కడే షార్టు, నిప్పు. అందుకని మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. ఆ మధ్యనున్న వైరుకి కాపలా ఎవరూ లేరు మరి. ఆ తర్వాత లైట్లకి, ఫ్యానుకి, ఫ్రిజ్‌కి వాటి వాటి వైర్లకు తగ్గ చిన్న ఫ్యూజులు విడివిడిగా పెట్టించండి. రేకులోంచి వైరు దూరే ప్రతి కన్నానికీ రబ్బరు తొడుగు వేయించండి. దాని ఖరీదెంతని!

ఇంకో సంగతి. ఫ్యూజ్ గానీ, కొత్త ఫ్లాట్లలో ఉండే ఎమ్‌సీబీ గానీ షాకు నుంచి మనిషిని కాపాడవు. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు, అంత కొంచెం వాటి లెక్కలోకే రాదు. ఇంటి కరెంటుకి దీనికోసం వేరే ఉంది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడలేదా, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ గీజరు జోలికి వెళ్ళకండి, స్నానానికి నీళ్ళు గ్యాసు మీదే కాచుకోండి.