చెయ్యి వేసే ముందు ఒక్క మాట

పీజీలో చేరిన మొదటి వారం. లైబ్రరీ ర్యాంపు మీద ఒక సీనియర్ అన్న చక్రాల కుర్చీలో పైకి వెళ్తున్నాడు. మంచి పని చేస్తున్నాననుకుని వెనకనుంచి గబుక్కున తోశాను. ఆయన వేళ్లు చక్రం దగ్గర నలిగాయి. "తమ్ముడూ, ఒక్క మాట అడగొచ్చు కదా!" అన్నాడు.

మిత్రులారా, ఆ బాధ మనకు తెలియనిది కాదు. మన హాస్టల్‌కొచ్చి దుప్పట్లు పంచి, ఫోటోలు దిగి వెళ్లినవారిలో ఎంతమంది "మీకేం కావాలి?" అని అడిగారు? అడగకుండా చేసే సాయం మనిషిని చిన్నబుచ్చుతుంది. అలాగని చూసీ చూడనట్టు పోవడమూ తప్పే.

"సాయం కావాలా? ఎలా చేయమంటారు?" అని అడగాలి. వద్దంటే నొచ్చుకోకుండా తప్పుకోవాలి. పక్కవారితో కాక ఆయనతోనే మాట్లాడాలి. మెట్లెక్కించాల్సివస్తే ఊడివచ్చే చేతిపట్టీలు, పాదాల పలకలు పట్టుకుని ఎత్తకూడదు. ఎక్కడ పట్టుకోవాలో ఆయనే చెబుతారు. ఏటవాలు ఎక్కువైతే కుర్చీని వెనక్కి తిప్పి, నెమ్మదిగా దింపాలి.

అయితే అసలైన సాయం మోయడం కాదు, దారి వేయడం. ప్రభుత్వ భవనాల్లోకి వికలాంగులు సులువుగా వెళ్లగలగాలని 2016 నాటి హక్కుల చట్టం చెబుతోంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మన మెస్ ముందు మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. అంటే 18 అడుగుల ర్యాంపు చాలు. వచ్చే వార్షికోత్సవానికల్లా అది కట్టించాలని వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థులకు నా మనవి. రేపు చేరబోయే తమ్ముడు అన్నం కోసం ఎవరి చేతులకోసమూ ఎదురుచూడకూడదు.