నాలుగో పులి ధర ఎంత?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్‌ ఆటలను దేశమంతటా నిషేధించే కేంద్ర చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అంతకు ఐదేళ్ల ముందే, 2020 సెప్టెంబరులో, ఆన్‌లైన్‌ రమ్మీ, పోకర్‌లను ఆర్డినెన్సు ద్వారా నిషేధించి, ఆ వెంటనే 132 వెబ్‌సైట్లను, యాప్‌లను అడ్డుకోవలసిందిగా కేంద్రాన్ని కోరిన ఆంధ్రప్రదేశ్‌కు ఇది తాను మొదలుపెట్టిన పనికి ముగింపులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే మచిలీపట్నంలోనో, గుడివాడలోనో, దివిసీమ పల్లెల్లోనో పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లను పరిశీలిస్తే ఆ పని సగమే పూర్తయిందని అర్థమవుతుంది. గెలిస్తే డబ్బు వస్తుందని ఆశ చూపే ఆటలు వెనక్కి తగ్గాయి గాని, ఉచితంగా ఫోనులోకి దిగి, ఆ తర్వాత లోపల ఆయుధాలను, దుస్తులను, అదృష్టపు పెట్టెలను అమ్ముకుంటూ, గెలిచినవాడికి సైతం పైసా తిరిగి ఇవ్వని ఆటలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. అరవై ఏళ్లుగా మన న్యాయవ్యవస్థ, శాసనవ్యవస్థ ఆటను రెండే గీటురాళ్లపై పరీక్షిస్తూ వచ్చాయి: అది నైపుణ్యమా, అదృష్టమా అన్నది మొదటిది, అందులో పందెం సొమ్ము ఉందా, లేదా అన్నది రెండోది. ఆటను రూపొందించినవాడికి, ఆడేవాడికి, మధ్యలో వసూలయ్యే సొమ్ముకు ఉండవలసిన సంబంధం ఏమిటన్న మూడో ప్రశ్న మాత్రం చట్టాల అంచుల్లోనే ఉండిపోయింది.

ఈ మూడో ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్‌ రిక్రియేషన్‌ క్లబ్బులో 1963లో పోలీసులు జరిపిన సోదా నుంచి పుట్టిన కేసు, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం వర్సెస్‌ కె.సత్యనారాయణ అన్న పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏ ముక్కను పట్టి ఉంచాలో దేన్ని వదలాలో తేల్చుకోవడం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించినవి గనుక, రమ్మీని మూడు ముక్కలాటతో సమానంగా చూడరాదని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. ఆ తర్వాత రమ్మీ కంపెనీలన్నీ పట్టుకు వేలాడింది ఈ మొదటి భాగాన్నే. తీర్పులోని రెండో భాగం వాటికి అంతగా అక్కరకు రాలేదు. క్లబ్బు ఆటగాళ్ల నుంచి సిట్టింగ్‌ చార్జీ తీసుకుంటోందన్న ఆరోపణను విడిగా పరిశీలించిన కోర్టు, సభ్యులకు కల్పించే సౌకర్యాల కోసం వసూలు చేసే చిన్న రుసుము దానంతట అదే నేరం కాదంటూనే, ఆట నుంచి క్లబ్బో, ఇంటి యజమానో లాభం గుంజుకుంటున్నట్లు ఆధారాలుంటే అప్పుడు పరిస్థితి వేరని స్పష్టం చేసింది. అంటే ఆట స్వభావం ఒకటి, నిర్వాహకుడి రాబడి మార్గం మరొకటి, ఈ రెండింటినీ వేర్వేరుగా తూచాలన్న వివేకం ఆనాడే కనబడింది. తర్వాతి చర్చంతా నైపుణ్యం చుట్టూ తిరిగి రెండో తూకాన్ని మరుగున పడవేయడం విచారకరం.

రాబడి మార్గం ఆట స్వరూపాన్నే మార్చివేయగలదనడానికి దిగువ కృష్ణా డెల్టాలో సంక్రాంతి బరులను మించిన ఆధారం అక్కర్లేదు. కాలికి కత్తి కట్టకుండా వదిలే డింకీ పందెంలో పుంజు జాతి, పెంపకం, ఓర్పు బయటపడడానికి సమయం పడుతుంది. కత్తి కట్టిన పందెం నిమిషాల్లో ముగిసి మరో పందేనికి బరిని ఖాళీ చేస్తుంది. చూసేవాడి సరదాకు మొదటిది చాలు, కాని చేతులు మారే సొమ్ము పెరగాలంటే రెండోదే కావాలి. చివరకు నిలిచింది రెండోదే. దాని పక్కనే గుండాట బల్లలు, లోనా బయటా, కోతముక్క శిబిరాలు వెలిశాయి. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో కోడి పందేలపై కఠినంగా వ్యవహరించాలని ఆదేశించినా, ఏటా పండుగ మూడు రోజులూ పోలీసు హెచ్చరికలు, బరులు పక్కపక్కనే కొనసాగడం అందరికీ తెలిసిన తంతు. 2022 సంక్రాంతికి గుడివాడలో కాసినో నడిచిందన్న ఆరోపణలు రాష్ట్ర రాజకీయాల్లో పెద్ద దుమారం రేపినప్పుడు కూడా, ఎవరు నడిపారు, ఎవరు చూసీచూడనట్లు వదిలేశారు అన్న వాదులాటే తప్ప, పండుగ ఆట ఏ దశలో, ఎవరి లాభం కోసం ఈ రూపం దాల్చిందన్న విచారణకు చోటు దొరకలేదు.

ఆటను తయారుచేసేవారి దృష్టి అంటే ఏమిటో తెలుసుకోవడానికి అరుగుల మీద గీసుకున్న పులిజూదాన్ని చూడవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకి చంపే బలం ఉంది, మేకలకు కట్టడి చేసే సంఖ్య ఉంది. ఈ అసమాన బలాల మధ్య కుదిరిన లెక్కనే నేటి ఆటల పరిశ్రమ ‘బ్యాలెన్స్‌’ అంటోంది, తెలుగులో సమతూకం అనుకోవచ్చు. డబ్బిచ్చినవాడికి నాలుగో పులిని అమ్మితే ఆ లెక్క మొత్తం కూలుతుంది. మేకలవైపు కూర్చున్నవాడు ఎంత తెలివిగా ఆడినా ప్రయోజనం ఉండదు. ‘పే టు విన్‌’ అని ఆటగాళ్లు ఈసడించేది దీన్నే. రాబడి కోసం ఆటలో ఏది అమ్మవచ్చు, ఏది అమ్మకూడదు అన్న గీత గీయవలసింది మొదట రూపకర్తే. పులికి రంగు వేసి అమ్మితే అభ్యంతరం ఉండనవసరం లేదు, పులినే అమ్మితే ఆటను అమ్మివేసినట్లే.

పాత ఆటలకు మరో లక్షణం ఉంది. అష్టా చెమ్మాలో ప్రత్యర్థి కాయను ఒక్కసారైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోరాదన్న నియమం కొన్ని ఇళ్లలో ఉంటుంది, మరికొన్ని ఇళ్లలో ఉండదు. ఎవరూ దానికి యజమాని కారు గనుక, ఆడేవాళ్లే కూడబలుక్కుని నియమాలను సవరించుకున్నారు, నచ్చనివాళ్లు పక్కింటి అరుగు మీద తమ పద్ధతిలో ఆడుకున్నారు. ఫోను ఆటలో ఈ వెసులుబాటు పూర్తిగా పోయింది. నియమాలు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరులో ఉంటాయి. రాత్రికి రాత్రి అప్‌డేట్‌ రూపంలో మారతాయి. నిన్న కొన్న ఆయుధం బలం నేడు తగ్గిపోవచ్చు. ఆటగాడి అభిప్రాయం ఒకప్పుడు నియమంగా మారేది, ఇప్పుడది విన్నపం మాత్రమే. నేటి ఆటల వ్యవహారంలో ఆటగాళ్ల మాటకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ మార్పులోనే ఉంది.

రూపకర్తల పక్షాన ఉన్న ఇబ్బందిని కూడా తక్కువ చేయరాదు. హైదరాబాద్‌కు చెందిన ఓగర్‌ హెడ్‌ స్టూడియో మన పురాణాల ఊహాలోకం నుంచి తీసుకుని రూపొందించిన ‘అసుర’ ఆటను 2017లో కంప్యూటర్‌ ఆటగాళ్లకు ఒకేసారి ధర కట్టి అమ్మింది. ఆ పద్ధతిలో లెక్క సూటిగా ఉంటుంది: కొన్నవాడికి ఆట మొత్తం దక్కుతుంది, రూపకర్త తన ఊహకు నచ్చినట్లు ఆటను నిర్మించుకోగలుగుతాడు. కాని ఫోను మీద, ముందే డబ్బు కట్టే అలవాటు లేని మన విపణిలో, ఆ దారి చాలా ఇరుకు. హైదరాబాద్‌ నుంచే వచ్చి, 2020లో కేంద్రం నిర్వహించిన ఆత్మనిర్భర్‌ యాప్‌ పోటీలో ఆటల విభాగంలో విజేతగా నిలిచిన క్రికెట్‌ ఆట హిట్‌వికెట్‌ వంటివి ఉచిత డౌన్‌లోడ్‌ మార్గాన్నే ఎంచుకున్నాయి. ఈ మార్గంలో ప్రకటనలు, లోపలి అమ్మకాలు తప్ప మరో ఆదాయం ఉండదు. ఆ అమ్మకాల్లోనూ గూగుల్‌, యాపిల్‌ దుకాణాలు మామూలుగా 30 శాతం, ఏడాదికి 10 లక్షల డాలర్లలోపు రాబడికి 15 శాతం తమ వాటాగా తీసుకుంటాయి. ఆడేవారిలో అత్యధికులు ఎన్నడూ పైసా కట్టరు గనుక, సర్వర్ల ఖర్చు, జీతాలు, పెట్టుబడిదారుల ఆశలు అన్నీ కట్టే కొద్దిమంది మీదే వాలుతాయి. పరిశ్రమ పరిభాషలో విపరీతంగా ఖర్చుపెట్టే ఆ కొద్దిమందిని ‘తిమింగలాలు’ అంటారు. గుడ్లవల్లేరు వంటి చోట్ల ఇంజనీరింగు చదివి ఆటల స్టూడియోల్లో చేరాలనుకునే యువతకు ఎదురయ్యే మొదటి వృత్తిపరమైన సందిగ్ధం ఇదే: అందరి కోసం ఆటను నిర్మించాలా, తిమింగలాల కోసమా?

ఆటగాళ్ల స్పందన ఈ సందిగ్ధాన్ని తీర్చగలదా? స్పందన రెండు రకాలు. ఆటగాడు మాటల్లో చెప్పేది ఒకటి. అతడు చెప్పకుండానే అతడి నుంచి సేకరించేది రెండోది. ఏ మెట్టు దగ్గర ఆట వదిలేశాడు, ఏడో రోజున, ముప్పయ్యో రోజున తిరిగి వచ్చాడా లేదా, ఏ ధర చూపితే కొన్నాడు అన్న లెక్కలన్నీ ఈ రెండో రకానికి చెందుతాయి. మాటల స్పందనలో నొప్పి నిజమైనది, చెప్పే మందు మాత్రం తరచుగా తప్పు. ప్రతి ఒక్కరి మాటా వింటూ పోతే ఆట రూపురేఖలు లేని ముద్దవుతుంది, అందువల్ల రూపకర్తకు తోసిపుచ్చే స్వేచ్ఛ ఉండవలసిందే. లెక్కల స్పందనలో ఉన్న ప్రమాదం ఇంతకంటే లోతైనది. అది ఆటగాడు ఆనందిస్తున్నాడో, వదలలేక కూర్చున్నాడో తేడా చూపదు, రెండూ ఒకే అంకెగా నమోదవుతాయి.

ఆటగాళ్ల గొంతు పనిచేసిన సందర్భం ఒకటి ప్రపంచానికంతటికీ తెలుసు. ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ సంస్థ 2017 నవంబరులో విడుదల చేసిన ‘స్టార్‌ వార్స్‌ బ్యాటిల్‌ఫ్రంట్‌ 2’లో ప్రధాన వీరుల్ని పొందాలంటే గంటల కొద్దీ ఆడాలి, లేదా డబ్బిచ్చి అదృష్టపు పెట్టెలు కొనాలి. ఆటగాళ్ల ఆగ్రహానికి జడిసిన సంస్థ వీరుల ధరను 75 శాతం తగ్గించి, విడుదలకు ముందు రోజు లోపలి అమ్మకాలనే ఆపివేసి, 2018లో పెట్టెల పద్ధతిని సమూలంగా మార్చింది. అయితే ఆ ఆగ్రహించినవారు అప్పటికే పూర్తి ధర చెల్లించిన కొనుగోలుదారులన్న సంగతి మరవరాదు. నాగాయలంకలో తండ్రి ఫోను మీద ఉచిత ఆట ఆడుతున్న పదమూడేళ్ల కుర్రాడికి కొనుగోలుదారుడన్న హోదా లేదు. ఆట మానేయడం ఒక్కటే అతడి చేతిలో ఉన్న నిరసన. ఆ మానేయడాన్ని ఆపడానికే రోజువారీ బహుమతులు, ‘ఇంకా రెండు గంటలే’ అన్న గడియారాలు తయారై ఉంటాయి.

ధర న్యాయంగా ఉందా లేదా అన్న చర్చకు ముందు, అసలు ధర కనిపిస్తోందా అని అడగాలి. బ్యాటిల్‌గ్రౌండ్స్‌ మొబైల్‌ ఇండియాలో రూపాయలు ముందుగా యూసీగా మారతాయి. ఫ్రీ ఫైర్‌ ఆడినవారికి అవి డైమండ్లు. వస్తువు ధర ఆ నాణేల్లో ఉంటుంది, నాణేలు విడిగా కాక నిర్ణీత కట్టలుగా అమ్ముడవుతాయి, కొన్నాక ఎప్పుడూ కొన్ని మిగిలి మరో కట్టకు దారి తీస్తాయి. రూపాయి కంటికి కనబడకుండా పోవడం ఇందులోని అసలు కిటుకు. లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెల విషయంలో ఈ మాటు ఇంకా దట్టం. అదృష్టం మీద విడివిడిగా దొరికే వస్తువులన్నీ పోగుచేస్తేనే అరుదైన బహుమతి ఇచ్చే ‘కంప్లీట్‌ గాచా’ పద్ధతిని జపాన్‌ వినియోగదారుల సంస్థ 2012లోనే చట్టవిరుద్ధంగా పరిగణించింది. ఏ వస్తువు దొరికే అవకాశం ఎంతో వెల్లడించాలని చైనా 2017 మే నుంచి ఆదేశించింది. 2018లో బెల్జియం గేమింగ్‌ కమిషన్‌ కొన్ని ప్రఖ్యాత ఆటల్లోని ఇలాంటి పెట్టెలను జూదంగానే తేల్చింది. గుండాట బల్ల మీద బొమ్మలెన్ని ఉన్నాయో పందెం కాసేవాడు కళ్లారా చూసి ఎంతోకొంత లెక్క వేసుకోగలడు. ఫోనులోని పెట్టెకు ఆ మాత్రం బహిరంగత కూడా సహజంగా లేదు, దాన్ని చట్టం కల్పించాలి. మన 2025 చట్టం పెట్టిన డబ్బుకు ప్రతిగా లాభం ఆశించే ఆటను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, పందెం లేని సామాజిక ఆటలకు చందా లేదా ప్రవేశ రుసుము వసూలు చేసుకునే వీలు ఇచ్చింది. పెట్టెల్లో అవకాశాల వెల్లడి గురించి మాట్లాడలేదు.

పిల్లల రక్షణ కోసం కంపెనీలు తమంత తాముగా పెట్టుకున్న హద్దులు ఎంత ఉదారమైనవో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2021లో బ్యాటిల్‌గ్రౌండ్స్‌ మొబైల్‌ ఇండియాను తెచ్చినప్పుడు క్రాఫ్టన్‌ సంస్థ పద్దెనిమిదేళ్లలోపువారికి రోజుకు మూడు గంటల ఆట, రోజుకు 7,000 రూపాయల ఖర్చు అని పరిమితి ప్రకటించింది. డెల్టాలో ఒక వ్యవసాయ కూలీకి వారం రోజుల పనికి వచ్చే కూలి కంటే అది ఎక్కువ. పైగా ఫోను తండ్రిది, యూపీఐ ఖాతా తండ్రిది అయిన ఇంట్లో కంపెనీ లెక్కల్లో ఆడుతున్నది పెద్దవాడే గనుక, ఆ పరిమితి సైతం వర్తించదు.

న్యాయమైన పద్ధతికి కొత్తగా పెద్ద చట్టమేదీ అక్కరలేదు. లోపలి ప్రతి వస్తువుకూ రూపాయల్లో ధర పక్కనే చూపడం, పెట్టెల్లో అవకాశాలను శాతాల్లో తెలపడం, గెలుపును ప్రభావితం చేసే వస్తువులను పోటీ ఆటలో అమ్మకపోవడం, నెలకు కుటుంబం పెట్టుకునే పరిమితిని ఖాతాదారు కాక చెల్లింపు మార్గమే అమలు చేయడం — వీటిలో మొదటి మూడూ రూపకర్త ఊహను ఏ మాత్రం కుదించవు, పైగా ఖర్చుపెట్టేవాడికి లొంగిపొమ్మన్న ఒత్తిడి నుంచి అతడిని కాపాడతాయి. ఆదాయం తగ్గుతుందన్న వాదన నిజమే కావచ్చు. ధర తెలియకపోవడం వల్ల మాత్రమే వచ్చే ఆదాయానికి రక్షణ కోరే హక్కు ఏ వ్యాపారానికీ లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత రూపకల్పనలను నిషేధించాయి. లేని తొందరను సృష్టించడం, అసలు ధరను చివరిదాకా దాచడం, పదేపదే విసిగించడం అందులో ఉన్నాయి. ఆటల లోపలి దుకాణాలను ఈ మూడింటి వెలుగులో పరీక్షించడం రాష్ట్ర పౌరసరఫరాల, వినియోగదారుల శాఖ వెంటనే చేపట్టదగిన పని. తల్లిదండ్రులు కూడా అంతవరకూ ఆగనవసరం లేదు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, దివిసీమ, గుడివాడవారికి జిల్లా వినియోగదారుల కమిషన్‌ మచిలీపట్నంలోనే ఉంది, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.