సైరన్ మోత ఒక్కటే కాదు

మా హాస్టల్ టీవీలో అంబులెన్సు దూసుకుపోతుంటే చప్పట్లు కొడతాం. 1989లో అమెరికాలో మొదలైన 'రెస్క్యూ 911'లో జరిగిన ప్రమాదాలను మళ్ళీ నటించి చూపేవారు. తరువాత కెమెరాలు అంబులెన్సులోకే ఎక్కాయి. మనకు కనిపించేది వేగమే. మరి పని?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. బండి నడిపేవారు పైలట్, ప్రథమ చికిత్స చేసేవారు ఈఎంటీ. రక్తం ఆపడం, ఆక్సిజన్ పెట్టడం, అవసరమైతే దారిలోనే కాన్పు చేయడం వారి పని. ఆ సమయంలో రోగి ముఖం లోకానికి చూపడం న్యాయమా? అక్కడ ఉన్నది మన అమ్మే అయితే ఒప్పుకుంటామా?

మిత్రులారా! మన మండపేట రోడ్డుమీద ప్రమాదం జరిగితే సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీయవద్దు. 108కు ఫోన్ చేసి, ఊరు, దగ్గరి గుర్తు చెబుదాం. బండికి దారి వదులుదాం. చప్పట్ల కంటే అదే వారికి మనమిచ్చే గౌరవం.